వరద రోజుల కోసం ఇంట్లో నిల్వ ఉంచదగిన ఆహారం: ఏవి ఎంచుకోవాలి?

సింగ్‌నగర్ గృహిణి:

సభ్యులందరికీ నమస్కారం. మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1వ తేదీ ఆదివారం బుడమేరు నీళ్ళు మా వీధిలోకి వచ్చాయి. చూస్తూ ఉండగానే గడప దాటి వంటగదిలోకి చేరాయి. అత్తగారిని, పిల్లలను పొరుగువారి మేడ మీదికి చేర్చేసరికి నడుము లోతు నీరు వచ్చింది. మా వారు మళ్ళీ కిందికి దిగి, కొత్తగా తెచ్చుకున్న పాతిక కేజీల బియ్యం బస్తాలో సగం మాత్రం పైకి మోసుకురాగలిగారు. పప్పు డబ్బాలు, పిండి, పచ్చడి జాడీలు అన్నీ మునిగిపోయాయి.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. బియ్యం చేతిలో ఉండి కూడా మేము మూడు రోజులు అన్నం వండుకోలేకపోయాము. గ్యాసు బండ కింద నీళ్ళలో ఉంది, కరెంటు లేదు, మోటారు ఆడదు కనుక కుళాయిలో నీరు లేదు. మేడ మీద ఉన్న రెండు కుటుంబాల వాళ్ళము, వాళ్ళ ఇంట్లో దొరికిన అర కేజీ అటుకులు, ఒక డబ్బా చేగోడీలు, కాస్త బెల్లం పంచుకుని తిన్నాము. తరువాత పడవల్లో ఆహార పొట్లాలు, నీళ్ళ సీసాలు వచ్చాయి. మా వీధి చివరికి మాత్రం అవి ఆలస్యంగా చేరాయి.

ఈసారి వానాకాలానికి ముందే ఒక వారానికి సరిపడా సరుకు సిద్ధం చేసుకోవాలని నిశ్చయించుకున్నాను. ఇంట్లో మేమిద్దరం, చక్కెర వ్యాధి ఉన్న అత్తగారు, పదేళ్ళ అబ్బాయి, పద్నాలుగు నెలల పాప ఉంటాము. మన వాతావరణంలో ఎక్కువ కాలం చెడిపోకుండా ఉండి, అలాంటి రోజున నిజంగా ఉపయోగపడే పదార్థాలేవో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

ఉద్దానం కొబ్బరి:

అమ్మా, మీరు అడిగిన ప్రశ్నలోనే సమాధానంలో సగం ఉంది. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను మా పలాస ప్రాంతంలో తీరం దాటినప్పుడు మా ఇంటి గరిసెలో ఆరు నెలల ధాన్యం ఉంది. మిల్లు ఆడనప్పుడు ధాన్యం ఉండి ఏం లాభం? కొబ్బరి చెట్లు, జీడిమామిడి చెట్లు కూలి దారులన్నీ మూసుకుపోయాయి. స్తంభాలు విరిగిపడడంతో మా ఊరికి కరెంటు రావడానికి మూడు వారాలు పట్టింది. ఎంత కాలం నిలవ ఉంటుందన్నది ఒక్కటే చూసి సరుకు ఎంచుకోవడం పొరపాటని ఆ రోజుల్లో మాకు అర్థమైంది.

ఇప్పుడు మా ఇంట్లో ఏ పదార్థం కొన్నా ముందు ఒక ప్రశ్న వేసుకుంటాము: దీనిని తినడానికి నిప్పు కావాలా, నీరు కావాలా, రెండూ అక్కరలేదా? పుట్నాల పప్పు, వేయించిన వేరుశనగ గుళ్ళు, బెల్లం, ఖర్జూరం, నువ్వుల ఉండలు, మరమరాలు చేతిలో పోసుకుని తినేయవచ్చు. అటుకులకు శుభ్రమైన నీరు కొద్దిగా ఉంటే చాలు. బియ్యానికి, పప్పుకు నిప్పూ నీరూ రెండూ కావాలి. మొదటి మూడు రోజులకు మొదటి రకం, ఆ తరువాతి రోజులకు మిగిలినవి అని అనుకుంటే లెక్క తేలికగా తేలుతుంది.

అటుకులలో మందపు రకమే కొనండి. పలుచనివి నీళ్ళు తగలగానే ముద్దైపోతాయి, డబ్బాలో కూడా త్వరగా పొడి అవుతాయి. మందపు అటుకులను కడిగి, కొద్దిగా నీరు చిలకరించి పావుగంట మూతపెడితే, ఉప్పు, కారప్పొడి, ఒక చెంచా నూనె కలుపుకుని కడుపు నిండా తినవచ్చు. మా నాన్నగారు అటుకుల్లో బెల్లం, కొబ్బరి కోరు కలిపి పెట్టేవారు. తుపాను తరువాత ఆ ఏడాది మాకు కొరత లేనిది రాలిన కొబ్బరికాయలు ఒక్కటే.

తెనాలి కిరాణా:

ముప్పై ఏళ్ళుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను కనుక సరుకు నిలవ గురించి నాకు తెలిసినది చెబుతాను. పాలిష్ పట్టిన తెల్ల బియ్యం ఏడాది, రెండేళ్ళు సులభంగా ఆగుతుంది. పాత బియ్యానికే ధర ఎక్కువన్న సంగతి మీకు తెలిసినదే. దంపుడు బియ్యం, ముడి బియ్యం ఆరోగ్యానికి మంచివే అయినా, వాటి మీద తవుడు పొర ఉంటుంది, ఆ తవుడులో నూనె ఉంటుంది. మన ఎండలకు కొన్ని నెలల్లోనే కనరు వాసన పట్టుకుంటాయి. అత్యవసర నిల్వకు అవి పనికిరావు.

చిరుధాన్యాల సంగతిలో చాలామంది మోసపోతున్నారు. పొట్టు తీయని రాగులు, పొట్టుతో ఉన్న కొర్రలు ఏళ్ళ తరబడి ఆగుతాయి. కరవు సీమల్లో పెద్దలు వాటిని పాతరల్లో, కాగుల్లో దాచినది అందుకే. అవే కొర్రలను పొట్టు తీయించి పాకెట్లో పోస్తే మూడు నాలుగు నెలలకే వాసన మారుతుంది. సజ్జ పిండి మరీ సున్నితమైనది, మర పట్టించిన కొద్ది రోజులకే చేదెక్కుతుంది. ఒక మాట గుర్తు పెట్టుకోండి: గింజగా ఉన్నంత కాలం ఆగేది, పిండి చేయగానే ఆగదు. గోధుమ పిండి కన్నా గోధుమ రవ్వ మేలు, ఆ రెంటికన్నా గోధుమలు మేలు. కాకపోతే వరదలో గోధుమలు మీకు ఉపయోగపడవు కాబట్టి రవ్వ దగ్గర ఆగండి.

పప్పుల్లో కంది పప్పు కన్నా చాయ పెసరపప్పును ఎంచుకోండి. కంది పప్పు ఏడాది దాటితే పురుగు పట్టకపోయినా గట్టిపడి ఎంత ఉడికించినా మెత్తబడదు, గ్యాసు వృథా అవుతుంది. పెసరపప్పు అరగంట నానబెడితే చిన్న మంట మీద కూడా త్వరగా ఉడికిపోతుంది. బండలో ఎంత గ్యాసు మిగిలిందో తెలియని రోజుల్లో ఆ తేడా చాలా పెద్దది.

కృష్ణలంక పాఠకుడు:

తెనాలి కిరాణా గారూ, బియ్యానికి ముక్కపురుగు పట్టకుండా మా ఇంట్లో ఎప్పటినుంచో బోరిక్ పొడి కలిపి ఉంచుతారు. వండే ముందు బాగా కడుగుతాము. వారం రోజుల నిల్వకు కూడా అలాగే చేయవచ్చా? మా బంధువులు గోదాములో వాడే బిళ్ళలను గుడ్డలో కట్టి బస్తాలో వేస్తారు. అది కూడా సురక్షితమేనా?

బాపట్ల అధ్యాపకుడు:

ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం కనుక ముందుగా దీనికే సమాధానం ఇస్తున్నాను. గోదాముల్లో ధాన్యానికి వాడేవి అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు. గాలిలోని తేమ తగలగానే వాటి నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వెలువడుతుంది. మూసిన గదిలో మనుషులు నిద్రించే చోట అది ప్రాణాలు తీస్తుంది, దానికి విరుగుడు మందు లేదు. వాటిని ఇంటి గడప లోపలికి రానివ్వవద్దని మీ బంధువులకు ఈ రోజే చెప్పండి. బోరిక్ పొడి కూడా ఆహారంలో ఉండకూడని పదార్థమే. మామూలు రోజుల్లో నాలుగు నీళ్ళు పోసి కడుగుతారు. కడగడానికి నీళ్ళే లేని వరద రోజున ఆ పొడి కలిసిన బియ్యాన్ని పసిపిల్లలకు ఎలా పెడతారు? నిల్వ పదార్థం ఎప్పుడైనా కడగకుండా వాడవలసి రావచ్చన్న ఊహతోనే దానిని సిద్ధం చేయాలి.

పురుగును ఆపడానికి విషం అక్కరలేదు, గాలి అందకుండా చేస్తే చాలు. గుడ్లు గింజ లోపలే ఉంటాయి కనుక బియ్యం కొన్నప్పుడే పురుగు విత్తనం మనతో ఇంటికి వస్తుంది. ఫ్రీజరులో చోటు ఉంటే రెండేసి కేజీల చొప్పున నాలుగైదు రోజులు గడ్డకట్టే చలిలో ఉంచి, బయటకు తీశాక పొట్లం విప్పకుండా మామూలు వేడికి వచ్చేవరకు ఆగండి. లేకపోతే చెమ్మ పడుతుంది. ఆ తరువాత మూత బిగుతుగా ఉండే డబ్బాను అంచు దాకా నింపండి. ఖాళీ ఎంత తక్కువ ఉంటే లోపల గాలి అంత తక్కువ ఉంటుంది. మిగిలిన పురుగు ఉన్న కొద్ది ప్రాణవాయువును వాడుకుని చచ్చిపోతుంది. రైతులకు ఇప్పుడు దొరుకుతున్న మూడు పొరల సంచుల సూత్రం కూడా ఇదే. బియ్యాన్ని మాత్రం నడి ఎండలో పోయవద్దు. గింజ పగిలి నూకలవుతుంది, నూకలకు పురుగు ఇంకా త్వరగా పడుతుంది.

ఇక అసలు సూత్రానికి వస్తాను. పదార్థాన్ని చెడగొట్టేవి మూడు: సూక్ష్మజీవులు, పురుగులు, నూనె కనరెక్కడం. సూక్ష్మజీవులు పెరగడానికి వాటికి అందుబాటులో నీరుండాలి. బియ్యంలో తేమ 14 శాతం లోపు ఉంటే బూజు పట్టదు. బెల్లంలో, ఆవకాయలో నీరున్నా అది చక్కెరకు, ఉప్పుకు కట్టుబడి ఉండడం వల్ల సూక్ష్మజీవికి దక్కదు. మన పెద్దలు వేసవిలో వడియాలు, అప్పడాలు, చల్ల మిరపకాయలు ఎండబెట్టినది, మాగాయ ముక్కను ఉప్పులో ఊరవేసి ఎండలో పెట్టినది ఈ సూత్రం మీదే. ఆవకాయకు నువ్వుల నూనె వాడడంలో కూడా అర్థం ఉంది. ఆ నూనెలో సహజంగా ఉండే పదార్థాలు అది కనరెక్కకుండా కాపాడతాయి. పొద్దుతిరుగుడు నూనె అంత కాలం ఆగదు.

వేరుశనగ గుళ్ళ విషయంలో ఒక హెచ్చరిక. వాటి బరువులో దాదాపు సగం నూనే కనుక త్వరగా కనరెక్కుతాయి. అంతకన్నా ముఖ్యంగా, తేమ తగిలితే వాటి మీద పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. వేయించినా ఉడికించినా ఆ విషం పోదు. ముడుచుకుపోయిన గుళ్ళను, రంగు మారినవాటిని, చేదు తగిలినవాటిని ఏరి పారేయడమే మార్గం. రెండు నెలలకు సరిపడా మాత్రమే ఉంచుకుని మారుస్తూ ఉండండి.

హ్యూస్టన్ తెలుగు:

మేము అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో ఉంటాము. 2017 ఆగస్టులో హార్వీ తుపాను వచ్చినప్పుడు మా పేటలో నీరు నిలిచింది. ఆ భయంతో, పాతికేళ్ళ వరకు చెడిపోవని రాసి ఉన్న ఎండబెట్టిన భోజనాల డబ్బాలు చాలా ఖర్చు పెట్టి కొన్నాము. 2021 ఫిబ్రవరిలో మంచు తుపాను వచ్చి రాష్ట్రమంతటా కరెంటు పోయినప్పుడు ఆ డబ్బాలు తెరిచాము. మా పొయ్యి కరెంటు మీద నడిచేది. గొట్టాలు గడ్డకట్టి పగిలిపోవడంతో కుళాయి నీరు లేదు, వచ్చిన కొద్ది నీటిని కాచి తాగమన్నారు. ఆ భోజనాలకు కావలసినదేమో మరిగే నీరు. పాతికేళ్ళు ఆగే ఆహారం మా చేతిలో ఉంది, అరగంటలో తినే మార్గం లేదు.

ఆ మూడు రోజులు మమ్మల్ని ఆదుకున్నవి అమ్మ సామానులో పంపిన పుట్నాల పొడి, కరివేపాకు పొడి, రొట్టె, వేరుశనగ వెన్న, తెరిచి తినగలిగిన ఉడికించిన శనగల డబ్బాలు. పైన ఉద్దానం కొబ్బరి గారు వేసిన నిప్పు, నీరు ప్రశ్న నాకు అప్పుడు తెలిసి ఉంటే ఆ డబ్బు మిగిలేది. డబ్బాలు కొనేవారు మూత తీసే పరికరాన్ని కూడా అదే పెట్టెలో పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యమైనది, బొగ్గుల కుంపటిని, జనరేటరును ఇంటి లోపల వాడవద్దు. ఆ వారంలో మా నగరంలో చలి తట్టుకోలేక అలా చేసి, కార్బన్ మోనాక్సైడ్ వల్ల చనిపోయినవారు ఉన్నారు.

తెల్ల బియ్యాన్ని గాలి చొరబడని లోహపు పొర సంచుల్లో, ప్రాణవాయువును పీల్చుకునే పొట్లాలతో కలిపి మూసి దశాబ్దాలు ఉంచేవారు ఇక్కడ ఉన్నారు. బాపట్ల అధ్యాపకుడు గారూ, ఆ పద్ధతి మన ఊళ్ళలో మంచిదేనా?

బాపట్ల అధ్యాపకుడు:

పొడిగా ఉన్న తెల్ల బియ్యానికి, గోధుమలకు మంచిదే. అయితే తేమ ఉన్న పదార్థాలకు దానిని వాడకూడదు. ప్రాణవాయువు లేని చోటనే పెరిగి, ప్రాణాంతకమైన విషాన్ని తయారుచేసే బ్యాక్టీరియా ఒకటి ఉంది. సరిగా ఎండని కూరగాయ ముక్కలు, ఇంట్లో చేసిన మెత్తని తినుబండారాలు అలా మూస్తే దానికి మనమే ఇల్లు కట్టి ఇచ్చినట్లు అవుతుంది. నా ఉద్దేశంలో సింగ్‌నగర్ గృహిణి గారికి దశాబ్దాల నిల్వ అవసరం లేదు. ప్రతి వానాకాలానికి ముందు కొని, సంక్రాంతి నాటికి తిని ముగించగలిగిన నిల్వ కావాలి.

మైసూరులోని రక్షణ శాఖ ఆహార పరిశోధనశాల సైనికుల కోసం అభివృద్ధి చేసిన పద్ధతిలో, పొట్లంలో మూసి అధిక వేడి మీద ఉడికించిన భోజనాలు ఇప్పుడు మన కొట్లలో కూడా దొరుకుతున్నాయి. అవి ముందే వండినవి కనుక వేడి చేయకపోయినా తినవచ్చు, మామూలు గదిలోనే ఏడాది వరకు ఆగుతాయి. ధర ఎక్కువ కాబట్టి ఇంటికి నాలుగు పొట్లాలు, అదీ పెద్దవారి కోసం ఉంచుకుంటే సరిపోతుంది. ఉబ్బిన పొట్లాన్ని, ఉబ్బిన డబ్బాను మాత్రం రుచి చూడకుండానే పారేయాలి.

వారానికి సరిపడా సరుకు కావాలన్నారు కనుక లెక్క చెబుతున్నాను. విపత్తు సహాయంలో మనిషికి రోజుకు 2100 కెలరీలు అన్నది ప్రపంచమంతటా వాడే కొలత. 400 గ్రాముల బియ్యం, 60 గ్రాముల పప్పు, 25 గ్రాముల నూనె కలిపితే దాదాపు 1800 వస్తాయి. మిగిలినది గుప్పెడు వేరుశనగ గుళ్ళు, చిన్న బెల్లం ముక్కతో సరిపోతుంది. పాపను పక్కన పెడితే మీరు నలుగురు. ఏడు రోజులకు ధాన్యం రకాలన్నీ కలిపి 11 కేజీలు, పప్పు కేజీన్నర పైన, నూనె ముప్పావు కేజీ అవుతాయి. ఆ 11 కేజీలలో 3 కేజీలు అటుకులు, ఒక కేజీ రవ్వ ఉంటే, బియ్యం 7 కేజీలు చాలు. చూడండి, ఇది ఒక్క చేత్తో మేడ మీదికి మోయగలిగిన బరువే.

బరువంతా నీటిదే. తాగడానికి, వండుకోవడానికి మనిషికి రోజుకు కనీసం మూడు లీటర్లు కావాలి. నలుగురికి వారానికి 84 లీటర్లు అవుతాయి, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు నాలుగు, ఆ పైన ఇంకో నాలుగు లీటర్లు. వాన హెచ్చరిక రాగానే శుభ్రమైన బిందెలు, బకెట్లు, కుక్కరు గిన్నెలు కూడా నింపి మూతలు పెట్టి పైకి చేర్చండి. క్లోరిన్ బిళ్ళలు ఉంటే వాటి మీద రాసిన పరిమాణం నీటిలోనే వేసి, అరగంట ఆగి తాగాలి.

ఉద్దానం కొబ్బరి:

పెద్దలు అధ్యాపకుడు గారి లెక్క సరైనదే. అయినా ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. వారం రోజులే అన్న లెక్క నగరానికి సరిపోవచ్చు. వంతెన తెగిన పల్లెకు, ఏరు దాటి బజారుకు వెళ్ళవలసిన గిరిజన గూడేనికి నెల రోజుల సరుకు ఉండాలి. మాకు సాయం నాలుగో రోజునే వచ్చింది, కానీ చేతిలో పని మాత్రం నెలన్నర దాకా లేదు. దారి తెరుచుకున్నా కొనడానికి డబ్బు లేని రోజులు కూడా విపత్తులో భాగమే. కాబట్టి స్థోమత ఉన్న పల్లెటూరి కుటుంబాలు వారం సరుకును సులభంగా అందే డబ్బాలో, నెల సరుకును గరిసెలో విడివిడిగా ఉంచుకోవడం మేలు.

ఇంకొక సంగతి. ఎవరైనా నానబెట్టిన పెసలతో మొలకలు తినవచ్చని చెబితే తొందరపడి ఒప్పుకోవద్దు. మా ఇంట్లో అలా చేసి ముగ్గురం విరేచనాలతో బాధపడ్డాము. నీరు మంచిది కాకపోవడమే కారణమని ఆరోగ్య కార్యకర్త చెప్పారు.

తెనాలి కిరాణా:

మీ మాటతో ఏకీభవిస్తున్నాను. నెల సరుకు పెట్టుకునేవారికి ఒక సూచన. కందిపప్పుకు కొద్దిగా ఆముదం రాసి ఉంచితే పురుగు గుడ్లు పెట్టడం తగ్గుతుంది. పప్పు చేయించని కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టి దాచేవారు. వేపాకు, ఎండుమిరపకాయలు వేయడం అలవాటే కానీ, డబ్బా మూత వదులుగా ఉంటే అవి ఏమీ చేయలేవు.

గుంటూరు పోషకాహారం:

ఆసుపత్రిలో పోషకాహార సలహాదారుగా పనిచేస్తున్నాను. సింగ్‌నగర్ గృహిణి గారి ఇంట్లో ఇద్దరి గురించి విడిగా ఆలోచించాలి.

అత్తగారు చక్కెర మాత్రలో, ఇన్సులినో వాడుతుంటే, బెల్లం, అటుకులు తినడం వల్ల చక్కెర పెరుగుతుందన్న భయం ఒకటి ఉంటుంది. తిండి సరిగా లేకుండా మందు వేసుకుంటే చక్కెర ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం అంతకన్నా తొందరగా వస్తుంది. ఆమె కోసం పుట్నాలు, వేయించిన శనగలు ఎక్కువగా ఉంచండి. వాటిలో మాంసకృత్తులు, పీచు ఉండడం వల్ల చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. చెమటలు పట్టి, చేతులు వణికితే వెంటనే ఇవ్వడానికి గ్లూకోజు పొట్లం ఆమె దిండు దగ్గరే ఉండాలి. తిండి తగ్గిన రోజున మందు ఎంత తగ్గించాలో ఇప్పుడే వైద్యుడిని అడిగి కాగితం మీద రాయించుకోండి. పదిహేను రోజుల మాత్రలు కూడా ఆ పెట్టెలోనే ఉండాలి. రక్తపోటు ఉంటే ఊరగాయల మీద ఆధారపడవద్దు. వరద రోజుల్లో అన్నంలోకి పచ్చడి ఒక్కటే మిగులుతుంది, పెద్దవారికి వారం రోజుల పాటు అంత ఉప్పు మంచిది కాదు. చప్పగా చేసిన పుట్నాల పొడి, నువ్వుల పొడి వేరుగా సిద్ధం చేయండి.

పాపకు తల్లిపాలు ఇంకా ఇస్తున్నట్లయితే ఆపవద్దు. అలాంటి రోజుల్లో ఏ డబ్బా పాలకన్నా అవే సురక్షితం. పాలపొడి వాడవలసి వస్తే పాలసీసా వద్దు. శుభ్రం చేయడానికి నీరు, నిప్పు లేనప్పుడు దాని రబ్బరు పీక నుంచే రోగాలు వస్తాయి. కాచి చల్లార్చిన నీటితో కలిపి గిన్నె, చెంచాతో పట్టండి. పెద్ద డబ్బా ఒకసారి తెరిస్తే తేమ పట్టి నెల లోపే వాడేయాలి కనుక చిన్న పొట్లాలు కొనండి. ఆరు పొరల అట్టపెట్టెల్లో వచ్చే పాలు తెరవకుండా ఉంటే ఫ్రిజ్ లేకుండానే నెలల తరబడి ఆగుతాయి, తెరిచాక మాత్రం కరెంటు లేని ఇంట్లో ఆ పూటే ముగించాలి. పావు లీటరు పెట్టెలు అందుకే మేలు.

ఓఆర్‌ఎస్ పొట్లాలు పది ఉంచుకోండి. అవి దొరకకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు హాని కలుగుతుంది.

అవనిగడ్డ నుంచి:

మాది దివిసీమ. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనను చూసిన మా నాయనమ్మ ఈ మధ్యనే పోయారు. ఆమె బతికి ఉన్నంత కాలం ఇంట్లో ఉప్పు, అగ్గిపెట్టె, పాత బియ్యం, చింతపండు ఉన్న ఒక రేకు డబ్బా అటక మీదనే ఉండేది. వంటకు ఎంత అవసరం పడినా దానిని కిందికి దించనిచ్చేవారు కాదు. దీపావళి తరువాత మాత్రం విప్పి, బియ్యం వండి, కొత్తవి నింపేవారు. ఉప్పెన తరువాత తడిసి మొలకెత్తిన ధాన్యాన్ని, ఉప్పునీటి వాసన వేసే బియ్యాన్ని తిన్న రోజుల గురించి ఆమె ఎక్కువగా చెప్పేవారు కాదు. మేము అడిగితే లేచి వెళ్ళిపోయేవారు.

ఈ చర్చలో ఏం నిల్వ ఉంచాలన్నది వచ్చింది, ఎక్కడ ఉంచాలన్నది రాలేదు కనుక రాస్తున్నాను. నేల మీద ఉన్నది ఎంత మంచి సరుకైనా లెక్కలోకి రాదు.

బాపట్ల అధ్యాపకుడు:

ఈ మాట నేను ముందే రాయవలసింది. మరొకటి కూడా జోడిస్తాను. వరద నీటిలో మురుగు కలుస్తుంది కనుక, నీరు తగిలిన బస్తా సరుకును ఎండబెట్టి వాడుకోవాలని చూడవద్దు. మరమూత ఉన్న సీసాలు, పచ్చడి జాడీలు పైకి బాగానే కనిపించినా మూత సందులోంచి నీరు లోపలికి వెళ్ళి ఉంటుంది, వాటిని వదులుకోవలసిందే. చెక్కుచెదరని లోహపు డబ్బాలను మాత్రం కాగితం తీసేసి, సబ్బుతో కడిగి, క్లోరిన్ నీటిలో ముంచి వాడుకోవచ్చు. కరెంటు పోయిన తరువాత ఫ్రిజ్ తలుపు తెరవకపోతే లోపలి చల్లదనం నాలుగు గంటల వరకు ఉంటుంది. కనుక ఆ రోజు మొదటి భోజనం ఫ్రిజ్‌లోని పాలు, పెరుగు, కూరలే కావాలి. వండిన అన్నాన్ని వేడి వాతావరణంలో రాత్రంతా అలాగే ఉంచి తినడం ప్రమాదకరం. అందులో పెరిగే ఒక బ్యాక్టీరియా విషం మళ్ళీ వేడి చేసినా పోదు. ఏ పూటకు ఆ పూట వండుకోండి.

సింగ్‌నగర్ గృహిణి:

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మీ సలహాలతో నిన్నటికి మా పెట్టె సిద్ధమైంది. ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు తెచ్చి, పొరుగువారి అనుమతితో వారి మేడ మీది గదిలోనే పెట్టాము. బియ్యం, పెసరపప్పు, రవ్వ ఒక దానిలో, వంట అక్కరలేనివన్నీ రెండో దానిలో ఉన్నాయి. రెండో డ్రమ్ము మీద ముందు దీనిని తెరవాలని మా అబ్బాయి పెద్ద అక్షరాలతో రాశాడు. అయిదు కేజీల చిన్న గ్యాసు బండ, ఒంటి పొయ్యి ఆ గదిలోనే ఉన్నాయి. అత్తగారి మందుల కాగితం వైద్యుడి చేత రాయించాను. ఆ రోజు మా అందరి ఆకలి తీర్చిన పొరుగువారికి కూడా సరిపడేలా అటుకులు, పుట్నాలు రెట్టింపు పెట్టాను.

ఒక్క సందేహం మిగిలింది. పాపకు వేయించిన బియ్యం, పెసరపప్పుతో ఉగ్గు పిండి చేస్తాను. దానిని ఎన్ని రోజులు ఉంచవచ్చు? కరెంటు లేనప్పుడు మిక్సీ ఆడదు కనుక గింజగా ఉంచి అప్పటికప్పుడు పట్టుకోవడం కుదరదు.

తెనాలి కిరాణా:

అమ్మా, పొడిగా, సన్నని మంట మీద గింజ లోపలి దాకా వేగేలా వేయించి, పూర్తిగా చల్లారిన తరువాతే పట్టండి. వేడి మీద డబ్బాలో పోస్తే లోపల చెమ్మ చేరి ఉండ కడుతుంది. నెల రోజులకు మించి ఉంచవద్దు. పావు కేజీ చొప్పున పట్టి, ప్రతి నెల ఒకటో తేదీన డ్రమ్ములోని పాత పిండిని వంటింట్లోకి తెచ్చి, కొత్తది అక్కడ పెట్టండి. మా కొట్లో కూడా సరుకు తిప్పేది అలాగే, కొత్త బస్తాను ఎప్పుడూ పాత బస్తా వెనకాలే పెడతాము.